పుట్ట, గట్టు, తుప్ప: పాములపై అపోహలు – వాస్తవాలు

2023 ఏప్రిల్ 1 నుంచి చట్టం దృష్టిలో నాగుపామూ పెద్దపులీ ఒకే వరుసలో ఉన్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించినప్పుడు, అప్పటిదాకా రెండో షెడ్యూలులో ఉన్న నాగుపామును, రక్తపింజరను, జెర్రిపోతును, చెరువుల్లో ఈదే నీరుకట్టు పామును మొదటి షెడ్యూలులోకి చేర్చారు. కొండచిలువ ముందు నుంచీ అక్కడే ఉంది. కట్లపాము, చిన్నపింజర రెండో షెడ్యూలులో ఉన్నాయి. మొదటి షెడ్యూలు జంతువును వేటాడినా, పట్టి అమ్మినా మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, కనీసం పాతిక వేల రూపాయల జరిమానా. ప్రాణాపాయంలో ఆత్మరక్షణ కోసం చంపితే అది వేరే సంగతి, చట్టం దానికి మినహాయింపు ఇచ్చింది.

మన ఊళ్లలో మాత్రం పాము కనబడగానే ముందు కర్ర కోసం, ఆ తర్వాత ఫోన్ కోసం వెతుకుతారు. చచ్చిన పామును కర్రకు వేలాడదీసి ఫొటో దిగే కుర్రాడికి, తన చేత్తో తానే కేసుకు సాక్ష్యం తయారు చేస్తున్నానన్న ఆలోచన రాదు.

పాముల మీద అపోహలు అనగానే పగ, పాలు, నాగమణి గుర్తొస్తాయి. వాటిని తోసిపుచ్చడం సులువు, చాలామంది ఆ పని చేశారు కూడా. పాము ఎక్కడ బతుకుతుంది, ఎందుకు తగ్గిపోతోంది అన్న విషయాల్లో మనకున్న తప్పు నమ్మకాలు వాటికంటే ఎక్కువ హాని చేస్తున్నాయి. చదువుకున్నవాళ్లలో ఇవే ఎక్కువ.

అపోహ: పాముల చోటు అడవి. ఊళ్లోకి దారి తప్పి వస్తాయి.

వాస్తవం: అడవి లేకపోతే బతకలేని పాములు మన దగ్గర తక్కువే. తూర్పు కనుమల్లో వెదురు పొదలను పట్టుకుని ఉండే ఆకుపచ్చ పింజర, గిరినాగు అలాంటివి. మనకు తరచూ ఎదురయ్యే నాగుపాము, జెర్రిపోతు, కట్లపాము, రక్తపింజర పొలం పాములు. వరిచేను, చెరకుతోట, చెరువుకట్ట, గడ్డివాము, కూలిన మట్టిగోడ వాటి సొంత చోట్లు. ధాన్యం కోసం ఎలుక వచ్చింది, ఎలుక కోసం పాము వచ్చింది. ఇందులో దారి తప్పింది ఎవరూ లేరు. అడవి అన్నదే కనిపించని కృష్ణా, గోదావరి డెల్టాల్లో పాములు దండిగా ఉండటానికి కారణం ఇదే.

2018 వానాకాలంలో దివిసీమలో పాముకాట్లు బాగా పెరిగాయి. పాములు పగబట్టాయన్నారు. మోపిదేవిలో సర్పశాంతి పూజలు కూడా జరిగాయి. పూజను తప్పు పట్టక్కర్లేదు గానీ, కారణం కాలువల్లోనే ఉంది. నీరు పొలాల్లోకి ఎక్కి కన్నాలు మునిగితే పాము గట్టు మీదికి, అక్కడి నుంచి ఇంటి వసారాలోకి చేరుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే నాట్ల కోసం మనుషులు కాళ్లకు చెప్పులు లేకుండా చేలోకి దిగుతారు. ఏటా జరిగేదే ఇది. కొన్నేళ్లు ఎక్కువ, కొన్నేళ్లు తక్కువ.

ఇక పుట్ట. దాన్ని కట్టేది చెదపురుగులని అందరికీ తెలుసు, అయినా అది పాముదే అంటాం. ఆ మాట పూర్తిగా తప్పు కూడా కాదు. నాగుపాముకు గట్టి నేలను తవ్వుకునే సాధనమేదీ లేదు. చెదలు వదిలేసిన పుట్టలో, ఎలుక తవ్విన కన్నంలో తలదాచుకుంటుంది. రోహిణి ఎండలకు బయట నేల కాలిపోతున్నా పుట్ట లోపల తేమ ఉంటుంది, చల్లగా ఉంటుంది. గుడ్లు పెట్టడానికి ఆడ నాగుకు కావాల్సింది అదే. ఏళ్ల తరబడి పెరిగిన పుట్టను చదును చేయడం జేసీబీకి పది నిమిషాల పని. గట్టు సన్నబడితే నాలుగు బారల నేల కలిసొస్తుందని గట్లు చెక్కేస్తాం. తుప్పలు తగలబెడతాం. కోత కాగానే కొయ్యకాలు కాలుస్తాం. మనం ఇవేవీ పామును చంపడం కింద లెక్కవేయం. కర్రతో చచ్చే పాముల కంటే ఇలా చోటు లేక పోయే పాములే ఎక్కువని నా అభిప్రాయం. లెక్క తీసినవాళ్లు లేరు, నేను చూసిన పల్లెలను బట్టి చెబుతున్నాను.

మెట్ట ప్రాంతాల్లో ఇంకో సమస్య. రాళ్లగుట్ట, ముళ్లపొద, బీడు కనిపిస్తే రెవెన్యూ కాగితాల్లో బంజరు అని రాస్తారు, అంటే ఏమీ లేని చోటని. నాగార్జున కొండ ప్రాంతంలో దొరికిన ఒక సన్నటి పామును 1976లో కొత్త జాతిగా ప్రకటించారు. దాని శాస్త్రీయ నామం ప్లాటిసెప్స్ భోలానాథి. లోకానికి తెలుగు నేల నుంచే పరిచయమైన ఈ పాము ఉండేది అలాంటి రాతి నేలల్లోనే. రాయలసీమలో చిన్నపింజర పగలంతా దాక్కునేదీ ఆ రాళ్ల సందుల్లోనే. క్వారీ వచ్చినా లేఅవుట్ వేసినా అక్కడేదో పోయిందని ఎవరూ అనుకోరు, ముందే ఏమీ లేదని రాసుకున్నాం కదా.

అపోహ: మొగలిపువ్వు వాసనకు పాములొస్తాయి.

వాస్తవం: మొగలి డొంక దట్టంగా, ముళ్లతో, నీటి పక్కన ఉంటుంది. అందులో కప్పలు, ఎలుకలు ఉంటాయి. పాము వచ్చేది వాటి కోసం. పూలు లేని రోజుల్లోనూ అక్కడే ఉంటుంది.

అపోహ: నాగుపాము అంతరించిపోయే జాబితాలో లేదు. కాబట్టి నాలుగు చచ్చినా నష్టం లేదు.

వాస్తవం: మొదటి వాక్యం నిజమే. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం, అంటే ఐయూసీఎన్, తన ఎర్ర జాబితాలో నాగుపామును, రక్తపింజరను, కట్లపామును, జెర్రిపోతును ప్రస్తుతానికి ఆందోళన అంతగా లేని జాతులుగా చూపింది. కొండచిలువ, రెండుతలల పాము ముప్పుకు దగ్గర్లో ఉన్న వర్గంలో ఉన్నాయి. గిరినాగు ముప్పు వర్గాల్లోనే ఉంది.

చిక్కు రెండో వాక్యంతో. ఎర్ర జాబితా ఒక జాతి ప్రపంచంలో ఉన్న మొత్తం విస్తీర్ణాన్ని కలిపి చూసి ఇచ్చే అంచనా. నాగుపాము విషయంలో అది పాకిస్తాన్ నుంచి శ్రీలంక దాకా. ఒక మండలంలో నాగుపాము ఒక్కటి కూడా మిగలకపోయినా ఆ జాబితాలో అక్షరం మారదు. ఆ మండలంలో ఎలుకలు ఏం చేస్తాయో రైతుకు మాత్రం తెలుస్తుంది. పైగా పులులను లెక్కపెట్టినట్టు పాములను లెక్కపెట్టలేం. ఏడాదిలో చాలా భాగం నేలలోనే ఉండే ప్రాణిని, రాత్రి ఒక గంట బయటికి వచ్చి పోయే ప్రాణిని ఏ కెమెరాతో పట్టుకుంటాం? వానపాములా కనిపించే గుడ్డిపాముల లాంటి జాతుల్లో చాలావాటి గురించి తెలిసింది బహు తక్కువ. 2022లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం 10,196 సరీసృప జాతులను పరిశీలించి, వాటిలో 21 శాతం అంతరించే ముప్పులో ఉన్నాయని తేల్చింది. సమాచారమే లేని జాతులను ఏ వర్గంలో వేయాలో ఆ శాస్త్రవేత్తలకూ పెద్ద ప్రశ్నే.

దండిగా ఉన్న పాము ఎంత త్వరగా తగ్గగలదో మన దేశమే ఒకసారి చూసింది. 1960ల్లో జెర్రిపోతు, నాగుపాము, కొండచిలువ చర్మాలు చెప్పులకూ సంచులకూ లక్షల్లో విదేశాలకు పోయేవి. 1972 చట్టం, ఆ తర్వాత 1976లో చర్మాల ఎగుమతిపై నిషేధం రాకపోయి ఉంటే ఈ రోజు జెర్రిపోతు ఏ వర్గంలో ఉండేదో చెప్పలేం. ఆ వ్యాపారానికి పాములు పట్టి బతికిన తమిళనాడు ఇరుళ గిరిజనులకు నిషేధంతో జీవనం పోయింది. 1978లో పాముల నిపుణుడు రోములస్ విటేకర్ చొరవతో వాళ్ల సహకార సంఘం మొదలైంది. చెన్నై దగ్గర ఆ సంఘం వాళ్లు పాములను పట్టి, విషం తీసి, తిరిగి వదిలేస్తారు. పాముకాటుకు మన ఆసుపత్రుల్లో ఎక్కించే మందులో అధిక భాగం ఆ విషంతో తయారైనదే. ఒకప్పుడు చర్మం ఒలిచిన చేతులే ఈ పని చేస్తున్నాయి. సంరక్షణ గురించి ఉపన్యాసాలు దంచేవాళ్లు ముందు తెలుసుకోవాల్సిన ఉదాహరణ ఇది.

అపోహ: గిరినాగు మనిషిని తరిమి తరిమి కాటేస్తుంది.

వాస్తవం: గిరినాగు తినేది ప్రధానంగా ఇతర పాములను, ముఖ్యంగా జెర్రిపోతులను. మనిషి అలికిడి వింటే తప్పుకునే స్వభావం దానిది. ఎండుటాకులను ఒంటితో పోగుచేసి గూడు కట్టే పాము ప్రపంచంలో ఇదొక్కటే. ఆడది గుడ్ల మీద కాపలా ఉంటుంది. ఆ సమయంలో గూటి దగ్గరికి వెళ్తే పడగ విప్పి బుస కొడుతుంది. తరిమిందన్న కథల్లో కొన్నింటి మూలం అక్కడే ఉండవచ్చు.

అనకాపల్లి జిల్లా మాడుగుల వైపు, అల్లూరి జిల్లా కొండల్లో గిరినాగు ఉందంటే చాలామంది మైదాన ప్రాంత తెలుగువాళ్లు నమ్మరు, అది కేరళ పాము అంటారు. తూర్పు కనుమల అంచుల్లో జీడిమామిడి తోటల్లోకి, ఒక్కోసారి ఇళ్ల పెరట్లోకి కూడా వస్తుంది. పది పన్నెండు అడుగుల పామును చూసి జనం హడలిపోవడం సహజం, చంపిన సందర్భాలు చాలా ఉన్నాయి. విశాఖ కేంద్రంగా పనిచేసే ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీ ఆ ఊళ్లలో తిరిగి, చంపకుండా కబురు చేసేలా జనాన్ని ఒప్పిస్తోంది.

ఇటీవలి సంగతి ఒకటి. ఇన్నాళ్లూ ఒకే జాతి అనుకున్న గిరినాగును 2024లో శాస్త్రవేత్తలు నాలుగు జాతులుగా విడదీశారు. పడమటి కనుమల గిరినాగు వేరే జాతి అని తేలింది. కర్ణాటక, కేరళ అడవుల్లో అది బాగానే ఉంది కదా అని తూర్పు కనుమల గిరినాగును గాలికి వదిలే వీలు ఇక లేదు.

అపోహ: రెండుతలల పాము ఇంట్లో ఉంటే కోట్లు కలిసొస్తాయి.

వాస్తవం: ఇన్ని అపోహల్లో ఒక పామును నేరుగా అంగట్లో నిలబెట్టింది ఇదొక్కటే. రెండుతలల పాముకు తల ఒకటే. తోక మొద్దుగా, తల ఆకారంలోనే ఉంటుంది. శత్రువు వస్తే అసలు తలను చుట్టల కింద దాచి తోకను పైకి చూపిస్తుంది, దెబ్బ తోకకు తగిలితే ప్రాణం దక్కుతుంది. ఆరు నెలలు ఒక తల, ఆరు నెలలు ఇంకో తల పనిచేస్తాయన్నది కట్టుకథ. విషం లేదు, కాటు వేయడం కూడా అరుదు. వదులు నేలలో, ఇసుక పర్రలో తలమాత్రం బయట పెట్టి ఎలుక కోసం కాపు కాస్తుంది. గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది.

ఈ సాధువైన పాము చుట్టూ క్షుద్రపూజలు, గుప్తనిధులు, అంతుబట్టని రోగాలకు మందు అంటూ ఒక మోసాల బజారు పెరిగింది. బరువు ఎంత ఎక్కువైతే అంత ధర అంటారు. బరువు పెంచడానికి పాము నోట్లో సీసపు గుండ్లు కుక్కిన ఘటనలు బయటపడ్డాయి. తెలంగాణ, ఆంధ్ర పోలీసులు ఈ పాములను అమ్మజూపిన ముఠాలను పట్టుకున్న వార్తలు ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. విచిత్రం ఏమిటంటే, కొన్న ప్రతివాడూ ఇంకొకడికి ఎక్కువకు అమ్మాలనే కొంటాడు. కోట్లు ఇచ్చి ఇంట్లో పెట్టుకుని కుబేరుడైన మనిషి ఇంతవరకు ఎక్కడా కనబడలేదు. పట్టుకున్న చోట మాత్రం పాములు తగ్గిపోతున్నాయి. ఇది కూడా ఇప్పుడు మొదటి షెడ్యూలులోదే.

అపోహ: జెర్రిపోతు మగది, నాగుపాము ఆడది. రెండూ పెనవేసుకుని ఆడతాయి.

వాస్తవం: అవి వేర్వేరు కుటుంబాల పాములు. జెర్రిపోతుల్లోనూ నాగుల్లోనూ ఆడవీ మగవీ ఉంటాయి. వేసవిలో రెండు పాములు నిలువునా లేచి పెనవేసుకోవడం చూసి వాటి మీద కొత్త గుడ్డ వేస్తే అదృష్టం అంటారు. చాలా సందర్భాల్లో అవి రెండు మగ జెర్రిపోతులు. ఎవరిది పైచేయో తేల్చుకునే కుస్తీ అది. గుడ్డ వేస్తే కుస్తీ ఆగిపోతుంది, అంతే. నాగుపాముతో కలుపుతున్న ఈ కథ వల్లే విషం లేని జెర్రిపోతు చావుదెబ్బలు తింటోంది. పట్టపగలు ఎలుక కన్నాల్లో తలదూర్చి వేటాడే పాము ఇది. వరి రైతుకు జీతం లేని పాలేరు.

అపోహ: పాములన్నీ విషపురుగులే.

వాస్తవం: దేశంలో 300కు పైగా పాము జాతులున్నాయి. మనిషి ప్రాణం తీయగలిగేవి వాటిలో 60 వరకు. వాటిలోనూ సగం సముద్రపు పాములు, అరుదైన కొండ పాములు. మన దగ్గర చావులకు ప్రధాన కారణం నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. తేడా తెలుసుకోవాలన్న ఆలోచన కొత్తది కాదు. 18వ శతాబ్దం చివర్లో విశాఖపట్నంలో ఉన్న ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ ఏ పాముకు విషం ఉందో తేల్చడానికే ఈ తీరంలోని పాములను సేకరించాడు. 1796లో తన పుస్తకంలో వాటిని బొమ్మలు వేయించి, ఇక్కడి జనం పిలిచే పేర్లతో అచ్చు వేయించాడు. రక్తపింజరకు ఇంగ్లిషులో ఉన్నది ఆయన పేరే.

ఇప్పటికీ కొండచిలువ పిల్లను రక్తపింజర అనుకుని కొడుతున్నారు. ఇళ్ల గోడలెక్కి బల్లులను తినే చిన్న చారల పామును కట్లపాము అనుకుని చంపుతున్నారు. కట్లపాముకు తెల్ల పట్టీలు మెడ దగ్గర మసకగా ఉండి తోక వైపు స్పష్టంగా ఉంటాయి, ఆ ఇంటి పాముకు పట్టీలు దీనికి విరుద్ధంగా ఉంటాయి. అయితే రాత్రిపూట టార్చిలైటు వెలుగులో ఈ పరీక్షలు పెట్టుకోవద్దు. తెలియని పాముకు దూరంగా ఉండటమే దారి. పసిరిక పాము కళ్లు పొడుస్తుందన్నదీ ఉత్తదే.

నేల మీద విషం లేని పామును విషపుదనుకుంటాం, సముద్రం సంగతి దీనికి తలకిందులు. నీటి పాములకు విషం లేదని తీరంలో కొందరు సముద్రపు పాములను వల నుంచి చేత్తో తీసి పారేస్తుంటారు. అది ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. వాటి విషం చాలా తీవ్రం, మన దేశంలో దొరికే మందు వాటికి పనిచేయదు. ఆ పాములు గాలి పీల్చే ప్రాణులు. ట్రాలర్ వలలో ఎక్కువసేపు ఇరుక్కుంటే ఊపిరాడక చస్తాయి.

అపోహ: నాగుల చవితికి పాలు పోస్తే పాము తాగుతుంది.

వాస్తవం: తాగదు. రోజుల తరబడి నీళ్లు లేక ఎండిన పాము ముందు ఏ ద్రవం పెట్టినా నోరు పెడుతుంది, పాములవాళ్లు చేసేది అదే. పాలు దానికి అరగవు. పాము పగ కథా ఇలాంటిదే, పగ బట్టడానికి కావలసిన జ్ఞాపకశక్తి, మనిషిని గుర్తుపట్టే శక్తి దానికి లేవు. కార్తీకంలో చవితికైనా శ్రావణంలో పంచమికైనా పుట్ట మీద రెండు చుక్కలు చల్లి దండం పెట్టుకుంటే భక్తికి లోటుండదు, కన్నంలోకి బిందెలు ఒంపితే మాత్రం లోపలి ప్రాణికి ఇబ్బంది. దానికంటే విచారం, చవితినాడు మొక్కిన పుట్టనే సంక్రాంతి లోపు చదును చేయడం.

అపోహ: పామును పట్టి దూరాన అడవిలో వదిలితే దాన్ని కాపాడినట్టే.

వాస్తవం: చంపడం కంటే వంద రెట్లు నయం. హైదరాబాద్‌లో 1995లో మొదలైన ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ లాంటి సంస్థల వల్ల ఎన్నో పాములు బతికాయి. కానీ ప్రతి పాముకూ తనకు తెలిసిన కన్నాలు, నీటి చోట్లు, వేట దారులు ఉంటాయి. కర్ణాటకలోని అగుంబెలో గిరినాగులకు రేడియో ట్రాన్స్‌మిటర్లు అమర్చి చూసినప్పుడు, దూరంగా తీసుకెళ్లి వదిలింది స్థానికంగా ఉన్నదాని కంటే చాలా ఎక్కువ దూరం తిరిగింది. తెలియని చోట తిరిగే పాము రోడ్డు మీద నలుగుతుంది, మళ్లీ ఇంకో ఊళ్లో దొరుకుతుంది. పైగా వరిచేలో పెరిగిన జెర్రిపోతును నల్లమలలో వదిలితే అది అడవి పాము అయిపోదు. దొరికిన చోటికి దగ్గర్లోనే, జనసంచారం లేని తుప్పల్లో వదలడం మేలు. ఊరికి దగ్గర్లో అలాంటి తుప్పలు మిగిల్చితేనే అది కుదిరేది.

అపోహ: పాములను చంపేస్తే పాముకాట్లు తగ్గుతాయి.

వాస్తవం: 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి 58 వేలు. దాదాపు 70 శాతం చావులు ఎనిమిది రాష్ట్రాల్లోనే, వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇంత చావు చూసినవాళ్లకు పాము మీద కోపం ఎందుకని అడగడం న్యాయం కాదు. కానీ ఇన్నేళ్లుగా కనబడ్డ పామునల్లా చంపుతూనే ఉన్నాం, అంకె తగ్గలేదు. ఎలుకలున్నంత కాలం ఖాళీ అయిన కన్నంలోకి మరో పాము వస్తుంది.

కాటు పడే తీరు చూస్తే పని ఎక్కడ చేయాలో అర్థమవుతుంది. కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి అంతగా తెలియదు. మంచం, చుట్టూ పరుపు కిందికి దోపిన దోమతెర దానికి విరుగుడు. రక్తపింజర కదలకుండా చేలో పడి ఉంటుంది, తొక్కితే కరుస్తుంది. మోకాళ్ల దాకా వచ్చే బూట్లు, చేతిలో టార్చి ఉంటే చాలావరకు తప్పించుకోవచ్చు. ధాన్యం బస్తాలను, కట్టెలను, కోళ్ల గూటిని పడుకునే గదికి దూరం జరపాలి. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. మన మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పాముకాటు మందు ఉందో లేదో వానలు మొదలవకముందే వెళ్లి అడిగితే ఆ ప్రణాళిక మన ఊరి దాకా వచ్చిందో లేదో తెలుస్తుంది.

ఈ ఏడు పొలం చదును చేయించేటప్పుడు ఒక మూల పుట్టనూ దాని చుట్టూ తుప్పనూ వదిలేయండి. చేపల చెరువు చుట్టూ కట్టిన నైలాన్ వలలో పాము చిక్కుకుంటే అటవీ శాఖకు ఫోన్ చేయండి. ఎవరినైనా పాము కరిస్తే గట్టిగా కట్లు కట్టకండి, కోయకండి, పసర్ల కోసం పరుగెత్తకండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. చంపిన పామును ఆసుపత్రికి పట్టుకెళ్లక్కర్లేదు, మన దగ్గర చావులకు ప్రధాన కారణమైన ఆ నాలుగు పాముల విషానికీ ఎక్కించే మందు ఒకటే.